ఎర్రచేపలు అమ్ముడుపోని నౌరూజ్

మా ఆయన కుద్రత్‌కి కోపం రాదు. పెళ్లయిన కొత్తలో అది నా అదృష్టమనుకున్నాను. ఆ ఏడాది నౌరూజ్ పండగ గడిచాక మాత్రం, ఈ మనిషికి ఒక్కసారైనా కోపం వచ్చి ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటూనే ఉన్నాను.

మా ఊరు షిరాజ్‌లో ఎండాకాలమంతా ఆయన మేడల మీదే తిరిగేవాడు. ఇంటింటికీ కూలర్లలో గడ్డి మార్చడం, మోటార్లు బిగించడం ఆయన పని. ఎండ తగ్గితే ఆ పని ఉండదు. అందుకని చలికాలం మా పెరట్లోని నీళ్ల హౌజులో ఎర్రచేపలు పెంచి, నౌరూజ్ ముందు పేవ్‌మెంట్ మీద తొట్లు పెట్టి అమ్మేవాడు. కొత్త ఏడాదికి బల్ల మీద గోధుమ మొలకలు, వెల్లుల్లి, యాపిళ్లు, పుల్లటి సిర్కా సీసా ఎన్ని సర్దినా, వాటి మధ్య గాజుగిన్నెలో ఓ ఎర్రచేప ఈదకపోతే మా వాళ్లకి పండగ పండగలా ఉండదు. మా మామగారు కూడా అవే తొట్లు పెట్టుకుని, అదే పేవ్‌మెంట్ మీద కూర్చున్న మనిషే.

ఆ ఏడాదికి ఊళ్లో చాలా ఇళ్లు ఏసీలకు మారిపోయాయి. కూలర్ బాగుచేయమని పిలిచేవాళ్లు కరువయ్యారు. దక్షిణాన సముద్రం ఒడ్డున, అసలూయెలో గ్యాస్ ఫ్యాక్టరీలున్నాయి. అక్కడ పనిచేసే మా ఆయన పినతండ్రి కొడుకు ఎస్కందర్ ఏటా ఫోన్ చేసి రమ్మనేవాడు. "ఆ ఉడుకులో, ఆ రేకు గదుల్లో, పదిమంది గురకల మధ్య నావల్ల కాదురా" అని కుద్రత్ ఏటా నవ్వి తప్పించుకునేవాడు. ఆ చలికాలం మాత్రం నవ్వలేదు.

హౌజు పక్కన చేపలకు మేత చల్లుతూ నాతో అన్నాడు. "ఫరంగీస్, ఈసారి చేపలు అమ్ముడుపోతే ఉంటాను. పోకపోతే పండగయ్యాక దక్షిణానికి వెళ్తాను. ఎస్కందర్‌కి మాటిచ్చేశా. ఇంటద్దె కట్టాలని కొంత ముందుగా పంపించమన్నా, పంపించాడు."

"అన్నీ అయిపోయాక నాకు చెప్తున్నావా?"

"నీకు చెప్తున్నాగా. పిల్లకి మాత్రం చెప్పకు."

"ఎందుకు చెప్పకూడదు? పదిహేనేళ్లొచ్చాయి దానికి."

"అందుకే. తెలిస్తే దాని బుర్రలో అదే తిరుగుతుంది. నా ప్రాణం మీద ఒట్టు వెయ్యి."

వేశాను. వేయకపోతే అక్కణ్ణించి కదిలేలా లేడు.

మా అమ్మాయి చకావక్ ఆ సంవత్సరమే పార్కు పిల్లల్లో చేరింది. మా పేట చివర ఓ పార్కుంది. కొండ కిందినుంచి పాత భూగర్భ కాలువలో వచ్చే నీళ్లతో నిండే చెరువొకటి దాని మధ్యలో ఉంటుంది. గురువారం మధ్యాహ్నాలు దబీరీ ఖానుమ్, అంటే దబీరీ మేడమ్, అని ఓ టీచరు బడి ఆడపిల్లల్ని అక్కడ పోగేసి మొక్కల గురించి, పిట్టల గురించి, చెత్త గురించి పాఠాలు చెప్పేది. మొదట్లో నాకు సంతోషమే. మొబైల్ పట్టుకుని మూలన కూర్చునేకంటే నయం కదా అనుకున్నాను. తర్వాత్తర్వాత ఇంట్లో రాలిన ఆకు బయట పారేయడానికి వీల్లేకుండా పోయింది. గుడ్డు పెంకులు, టీ పిప్పి, ఖర్బూజా తొక్కలు అన్నీ ఓ డబ్బాలో వేసి పెరట్లో కుళ్లబెట్టేది. వాసనొస్తుందే తల్లీ అంటే, "అది భూమి తయారయ్యే వాసన మామాన్" అనేది. మా ఆయన ముక్కు మూసుకుని మరీ ఆ డబ్బా తిరగేసి ఇచ్చేవాడు.

ఓ గురువారం సాయంత్రం అది బూట్లకు బురదతోనే తిన్నగా పెరట్లోకి వెళ్లింది. కుద్రత్ వల పట్టుకుని చేపల్ని సైజుల వారీగా వేరు చేస్తున్నాడు. హౌజు గట్టు మీద కూర్చుని చాలాసేపు చూసింది.

"బాబా, నువ్వు అమ్మిన చేపలు ఎక్కడికి పోతాయి?"

"ఇళ్లకి పోతాయి బాబా." మా వైపు తండ్రులు కూతుళ్లని కూడా ముద్దుగా బాబా అనే పిలుస్తారు.

"పండగయ్యాక?"

"పదమూడో రోజున జనం పార్కులకి పోయి నీళ్లలో వదిలేస్తారు. పుణ్యం కదా."

"ఆ పుణ్యమే మా చెరువుని చంపేస్తోంది." మాట పెద్దదైపోయిందని దానికే అనిపించినట్టుంది. గొంతు తగ్గించింది. "నువ్వోసారి వచ్చి చూడు బాబా. నేను చెప్తే బాగోదు."

శుక్రవారం ముగ్గురం వెళ్లాం. దబీరీ ఖానుమ్ కూడా వచ్చింది. సన్నటి మనిషి, మాట కూడా సన్నమే. మా ఆయన చేపలమ్ముతాడని చకావక్ ముందే చెప్పినట్టుంది, పాపం ఆవిడ ఇబ్బంది పడుతూ నీళ్లవైపే చూసి మాట్లాడింది. ఎర్రచేపలు అడుగునున్న బురదంతా తవ్వి నీళ్లు మురికి చేస్తాయనీ, మిగతా చేపల గుడ్లు తినేస్తాయనీ చెప్పింది. ఈ కొండ నీళ్లలో తప్ప ఇంకెక్కడా పెద్దగా కనిపించని చారల చేప ఒకటి ఇక్కడ ఉండేదనీ, ఏడాదిగా పిల్లలెవరి వలలోనూ అది పడలేదనీ చెప్పింది.

"చిటికెన వేలంత ఉంటుంది, అదేనా?" అన్నాడు కుద్రత్. "మగదానికి ఒంటినిండా చారలు. చిన్నప్పుడు చొక్కాలు విప్పి పట్టేవాళ్లం. తడిసిన చొక్కాతో ఇంటికెళ్తే మా అమ్మ తుక్కు రేగ్గొట్టేది."

"అదే ఆఘా కుద్రత్. అదే" అంది, కుద్రత్ గారూ అన్నట్టు.

అంతలో రెల్లు పక్కనుంచి అరచేయంత ఎర్రచేపలు గుంపుగా బయటికొచ్చాయి. కుద్రత్ గబుక్కున మోకాళ్ల మీద కూర్చున్నాడు. "ఫరంగీస్, చూడు చూడు! తోక మొదట్లో తెల్లమచ్చ. నా హౌజులో పుట్టినవే ఇవి. ఎంతెంత అయ్యాయో చూశావా!" మొహం వెలిగిపోయింది. బడి నుంచి మంచి మార్కులు తెచ్చిన పిల్లల్ని చూసినట్టు చూశాడు. ఆ తర్వాత ఎక్కడున్నాడో గుర్తొచ్చింది. లేచి మోకాళ్లు దులుపుకుని, టీచరు వైపు తిరిగి, "తప్పు మాదే ఖానుమ్" అన్నాడు. ఆవిడ కంగారుగా "అయ్యో, మీది కాదు, అందరిదీ" అంది.

ఇంటికొచ్చి టీ తాగుతుండగా చకావక్ మెల్లగా విషయం బయటపెట్టింది. వీధుల్లో రాలిపోయే పుల్లనారింజల్ని పిల్లలంతా ఏరుకొస్తారట. కడిగి తుడిచి, రెండాకులు గుచ్చి, చేపకు బదులు నారింజ పెట్టుకోమని జనానికి ఊరికే ఇస్తారట. గాజుగిన్నెలో నీళ్లు పోసి వేస్తే అది తేలుతూ తనంతట తానే తిరుగుతుంది. మా అమ్మమ్మల కాలంలో అదే పెట్టేవాళ్లు కూడా.

"ఎక్కడ పంచాలా అని..." అని ఆగింది. "నువ్వు తొట్లు పెట్టే కూడలి ఉంది కదా బాబా. జనమంతా అక్కడికే వస్తారని అందరూ అన్నారు. నేనే వద్దన్నాను. నువ్వు ఒప్పుకోకపోతే ఇంకెక్కడికైనా పోతాం."

నేను కుద్రత్ మొహం వంకే చూస్తున్నాను. 'వద్దు' అను, ఒక్క మాట 'వద్దు' అను అని లోపల్లోపల మొక్కుకుంటున్నాను. ఆయన చక్కెర ముక్క పంటి కింద పెట్టుకుని టీ అంతా తాగాడు.

"ఇంకెక్కడికో పోతే ఎవరొస్తారు?" అన్నాడు. "అక్కడే నిలబడండి. మధ్యాహ్నమైతే ఎండ పడుతుంది, గోడవైపు నిలబడండి."

అది ఎగిరి వచ్చి ఆయన మెడ వాటేసుకుంది. నేను గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయాను. నా కడుపు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియక ఇంకా మండింది.

పండగ ముందు మా వీధి చూడాలి. ఓ పక్క గోధుమ మొలకల పళ్లేలు, ఓ పక్క సంబుల్ పూల కుండీలు, రంగు గుడ్లు, అద్దాలు, మధ్యలో మా ఆయన నీలం తొట్లు. పక్కనే పూలమ్మే హష్మత్ ఆయనకి చిన్ననాటి స్నేహితుడు. నోరు మూసుకుని కూర్చోవడం హష్మత్‌కి రాదు. ఎదురు పేవ్‌మెంట్ మీద ఆడపిల్లలు నారింజల బుట్టలతో దిగేసరికి వాడికి పండగ ముందే వచ్చేసింది.

"కాకా!" అన్నాడు. మా షిరాజీలు అన్నని, స్నేహితుణ్ణి అలాగే పిలుస్తారు. "నీ దుకాణానికి ఎదురు దుకాణం నీ కూతురే పెట్టింది, అదీ ఊరికే ఇస్తోంది! మా పిల్లయితే ఈపాటికి చెవి మెలేసి ఇంటికి పంపేవాణ్ణి."

"మీ పిల్లకి మెలేయడానికి చెవెక్కడుంది? నీ మాటలు వినీ వినీ ఎప్పుడో మూసుకుపోయి ఉంటుంది."

"నవ్వు, నవ్వు. సాయంత్రానికి తొట్లు చూసుకుని నవ్వు."

రోజూ మధ్యాహ్నం నేనే అన్నం పట్టుకెళ్లేదాన్ని. వెళ్లిన ప్రతిసారీ ముందు తొట్లలోకి చూసేదాన్ని, తర్వాత ఆయన మొహంలోకి. తొట్లు ఎర్రగా కళకళలాడుతున్నాయి. అంత కళకళలాడకూడదు అప్పటికి.

ఓసారి నేను వెళ్లేసరికి ఒకామె నాలుగైదేళ్ల పిల్లాణ్ణి తీసుకొచ్చింది. వాడు ఇది కాదు అది, అది కాదు ఇది అని కుద్రత్ చేత తొట్టంతా కలియబెట్టించి, చివరికో చేపను చూపించాడు. కుద్రత్ దాన్ని వలలోకి తీశాడు. సంచీ విప్పుతుండగా చకావక్ రోడ్డు దాటి వచ్చింది. వంగి కూర్చుని పిల్లాడితోనే మాట్లాడింది.

"నీ పేరేంటి?"

"అర్దెషీర్."

"అర్దెషీర్, పండగయ్యాక ఈ చేపనేం చేస్తావ్?"

"చెరువులో వేస్తా."

"ఆ చెరువులో బుల్లి చేపలున్నాయి, చారలుంటాయి వాటికి. ఇది వెళ్లి వాటి గుడ్లన్నీ తినేస్తుంది. మరప్పుడు వాటికి పిల్లలు ఎలా పుడతాయి?"

పిల్లాడు ఆలోచనలో పడ్డాడు. చకావక్ వాడి చేతిలో నారింజ పెట్టింది. దానికి కలంతో కళ్లు కూడా గీసి ఉన్నాయి. వాడు నవ్వాడు. వాళ్లమ్మకి పెద్ద బరువు దిగినట్టయింది. "ఇదే నయం. పోయినేడు చేప చచ్చిపోతే మూడు పూటలు అన్నం తినలేదు వీడు" అని, కుద్రత్‌తో "ఏమనుకోకండి ఆఘా" అంది.

"ఏమనుకుంటాను ఖానుమ్, పండగ శుభాకాంక్షలు" అన్నాడు కుద్రత్. వలని నెమ్మదిగా తొట్లోకి వంచాడు. చేప జారి గుంపులో కలిసిపోయింది. చకావక్ తండ్రి వంక చూసి నవ్వింది, ఆయనా నవ్వాడు. వాళ్లిద్దరూ ఒకే పని మీద ఉన్నట్టు నవ్వుకున్నారు.

నాకు ఇంక ఓపిక లేకపోయింది. అన్నం గిన్నె హష్మత్ బల్ల మీద పెట్టేసి చకావక్ జబ్బ పట్టుకున్నాను.

"ఇంటికి పద."

"ఏమైంది మామాన్?"

"ఏమైందో నీకు తెలీదు. నీకు చెరువులో గుడ్లు కనిపిస్తాయి గానీ ఇంట్లో..."

"ఫరంగీస్," అన్నాడు కుద్రత్ వెనకనుంచి. గొంతు పెంచలేదు. "ఫ్లాస్కులో టీ ఉందా?"

ఒట్టు గుర్తు చేస్తున్నాడని నాకు తెలుసు. జబ్బ వదిలేశాను. టీ పోసిచ్చాను. చకావక్ అయోమయంగా నా వంక, ఆయన వంక చూసి, అవతల స్నేహితురాళ్లు పిలుస్తుంటే వెళ్లిపోయింది. హష్మత్ ఆ రోజు ఇంకో జోకు వేయలేదు. వాడికి కూడా తెలుసని నాకప్పుడు అర్థమైంది. ఆ వీధిలో తెలియనిది దానికొక్కదానికే.

పండగ వచ్చేసింది. ఆఖరి సాయంత్రం ఓ టోకు వ్యాపారి వచ్చి, ఇస్ఫహాన్‌లో అద్దాల తొట్లవాళ్లకి ఇస్తానని మిగిలిన చేపలన్నీ డ్రమ్ముల్లో పోయించుకుని తీసుకెళ్లాడు. మేత ఖర్చు కూడా రాని డబ్బేదో చేతిలో పెట్టి వెళ్లాడు. కుద్రత్ ఖాళీ తొట్లు ఒకదాంట్లో ఒకటి దూర్చి తాడు కట్టుకుని ఇంటికొచ్చాడు.

"అమ్ముడుపోయాయా బాబా?" అంది చకావక్. పాపం, గుండెలు చిక్కబట్టుకునే అడిగింది.

"అన్నీ పోయాయి. ఒక్క తోక మిగల్లేదు. అద్దాల తొట్లలో రాజాల్లా బతుకుతాయి."

"నిజంగా? అయితే నీకూ నష్టం రాలేదు, చెరువుకీ రాలేదు!" ఆ రాత్రంతా అది ఇల్లు తిరుగుతూ పాడుతూనే ఉంది.

పండగ బల్ల సర్దేది నేనే. కావాలనే, ముందే తీసి దాచిన ఓ చేపని పెట్టాను. కొత్త ఏడాది ఘడియకి కూర్చోబోతూ చూస్తే, కుద్రత్ ఇంకో గిన్నెలో నారింజ తెచ్చి చేప పక్కనే పెట్టాడు. "ఇంట్లో రెండు పార్టీలున్నప్పుడు ఇద్దరికీ కుర్చీ వేయాలి" అన్నాడు. చకావక్ పడీపడీ నవ్వింది. నేను కూడా నవ్వాను. ముగ్గురం కలిసి అంతలా నవ్విన పండగ నాకు అదే చివరిది.

పదమూడో రోజున షిరాజ్‌లో ఎవరూ ఇంటిపట్టున ఉండరు. పార్కులో దేవదారు చెట్ల కింద మేమూ తివాచీ పరిచాం. హష్మత్ కుటుంబమంతా మా పక్కనే దిగింది. ఎక్కడ చూసినా కబాబు పొగ, పిల్లల గోల. కుద్రత్ సంచీ అప్పటికే ఇంట్లో సర్ది ఉంది. దాన్ని మా పరుపుల చాటున దాచింది నేనే. మర్నాడు మధ్యాహ్నం బస్సు. సాయంత్రం ఇంటికెళ్లాక తనే చకావక్‌కి చెప్తానన్నాడు.

చెరువు గట్టు చుట్టూ ఆడపిల్లలు బకెట్లు పట్టుకుని కాపలా కాస్తున్నారు. నీళ్లలో చేపలు వదలొద్దు, మాకివ్వండి అని వచ్చిన ప్రతివాళ్లనీ బతిమాలుతున్నారు. కొంతమంది విసుక్కున్నారు. ఓ పెద్దాయన, "మా తాత వదిలాడు, మా నాన్న వదిలాడు, నువ్వెవరివమ్మా?" అని గదమాయించాడు. మా చకావక్ జంకలేదు.

"మీ చేప ఎక్కడికీ పోదు తాతా. మా ఇంట్లో పెద్ద హౌజుంది. షిరాజ్ మొత్తమ్మీద మా బాబా అంత బాగా చేపల్ని చూసుకునేవాళ్లు లేరు. నన్ను నమ్మకపోయినా ఆయన్ని నమ్మండి. అదిగో, ఆ చెట్టుకింద లెట్యూస్ ఆకులు తింటున్నాడే, ఆయనే."

పెద్దాయన ఇటు తిరిగి చూశాడు. పుదీనా వేసిన తీపి సిర్కా పాకంలో లెట్యూస్ ఆకు ముంచి నోట్లో పెట్టుకోబోతున్న కుద్రత్, ఆకు పట్టుకునే గుండె మీద చేయి వేసి తల వంచాడు. పెద్దాయన గొణుక్కుంటూ తన చేపని బకెట్లో పోశాడు.

సాయంత్రానికి బకెట్లన్నీ నిండాయి. హష్మత్ తన పూలబండి మీద వాటిని మా ఇంటికి చేర్చాడు. దారంతా చకావక్ బకెట్ల మధ్యే కూర్చుని వచ్చింది. తలుపు తీయగానే పెరట్లోకి పరిగెత్తింది. హౌజు ఎండిపోయి ఉంది. వ్యాపారి వచ్చి వెళ్లాక కుద్రత్ దాన్ని కడిగి ఆరబెట్టేశాడు. అది చూసి కూడా దానికేమీ తోచలేదు. పైపు పెట్టి నీళ్లు వదిలింది.

"బాబా, ఒక్కటంటే ఒక్కటి కూడా చెరువులో పడలేదు! నేనో సంగతి ఆలోచించాను. ఎన్నాళ్లనుంచో ఆలోచిస్తున్నా, ముందు చేసి చూపించాక చెప్దామని ఊరుకున్నా. వచ్చే ఏడు నుంచి మనం చేపలు అమ్మొద్దు. అద్దెకిద్దాం! పండక్కి తీసుకెళ్తారు, పదమూడో రోజు తెచ్చి ఇచ్చేస్తారు. పిల్లలకి చేప ఉంటుంది, చెరువు బాగుంటుంది, మళ్లీ మళ్లీ అవే చేపలు నీకు. ఇవాళ అడిగితే చాలామంది సరేనన్నారు. ఎలా ఉంది?"

కుద్రత్ గట్టు మీద కూర్చుండిపోయాడు. "బాగుంది" అన్నాడు. "చాలా బాగుంది బాబా. మా నాన్నకి తట్టలేదు, నాకూ తట్టలేదు" అన్నాడు.

"అయితే చేద్దామా?"

"చేద్దువుగాని."

దానికి మాట తేడా తెలిసింది. మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తనే చెప్తానన్న కుద్రత్ వంగి పైపు సరిచేశాడు. చివరికి నేనే చెప్పాను. రేపు మీ బాబా అసలూయె వెళ్తున్నాడు అన్నాను. ఎందుకని అడిగింది. చేపలు అమ్ముడుపోలేదు కాబట్టి అన్నాను. అంతకంటే మెత్తగా చెప్పడం నాకు చేతకాలేదు. పైపు నీళ్లు పోతూనే ఉన్నాయి. కుద్రత్ లేచి ఒక్కో బకెట్ వంచి, చేపల్ని తొందరలేకుండా హౌజులోకి వదిలాడు. అది ఏడవలేదు. సాయం చేయడానికి కూడా కదల్లేదు.

మర్నాడు బస్టాండుకి ముగ్గురం వెళ్లాం. ఊరంతా నారింజ పూత వాసన. బస్సు పక్కన నిలబడి చకావక్ అప్పుడు అడిగింది.

"నాకెందుకు చెప్పలేదు బాబా?"

"తెలిస్తే ఏం చేసేదానివి?"

కుద్రత్ నవ్వుతూనే అడిగాడు. నారింజలు పంచేదాన్ని కాదు అంటుందనీ, అందుకే చెప్పలేదు అని సర్దిచెప్పొచ్చనీ అనుకుని ఉంటాడు. నేనూ అదే అనుకున్నాను. కానీ మా పిల్ల అబద్ధమాడదు. చాలాసేపు ఆలోచించింది.

"అదే చేసేదాన్ని" అంది. "నారింజలే పంచేదాన్ని. కానీ నీ పక్కన కూర్చుని పంచేదాన్ని బాబా. ఎదురుగా నిలబడి కాదు. అద్దె సంగతి కూడా ముందే చెప్పేదాన్ని. ఆ తొట్ల దగ్గరే చెప్పేదాన్ని."

కుద్రత్ మొహంలో నవ్వు ఆగిపోయింది. సంచీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. డ్రైవరు హారన్ కొట్టాడు. దాని నుదుటి మీద ముద్దు పెట్టి, నా వంక చూడకుండానే బస్సెక్కేశాడు.

ఒట్టు వేయించుకున్న మనిషి మీద నాకు కోపం లేదు. దాన్ని కాపాడుతున్నాననే అనుకున్నాడాయన. చెరువు కోసం నిలబడ్డ పిల్ల మీదా కోపం లేదు. ఎవరి తప్పూ లేకుండా ఇల్లు ఇలా కూడా విడిపోతుందని నాకు అప్పటిదాకా తెలియదు. తెలియకుండా ఉన్నా బాగుండేది.

మరుసటి పండక్కి నేనూ చకావక్ చేపల్ని అద్దెకిచ్చాం. హష్మత్ పక్కనే కూర్చున్నాం. జనం తీసుకెళ్లారు, చాలామంది తెచ్చిచ్చారు కూడా. దబీరీ ఖానుమ్ ఓ గురువారం పరిగెత్తుకొచ్చి, చెరువులో పిల్లలకి చారల చేపలు దొరికాయని చెప్పింది. పని బాగానే సాగింది. అయితే దాంతో ఏడాదంతా ఇల్లు గడవదు, కూలర్ల రోజులు మళ్లీ రావు. కుద్రత్‌ని అక్కడ మేస్త్రీని చేశారు.

ఆ పండక్కి సెలవు పెట్టి వచ్చాడు. నల్లబడ్డాడు, ఓ చెవి సరిగ్గా వినపడటం లేదు. పగలంతా నిద్రే. చారల చేపల్ని చూపిస్తానని చకావక్ రెండుసార్లు పిలిస్తే, "వెళ్దాం బాబా, రేపు వెళ్దాం" అన్నాడు. ఆ రేపు రాలేదు.

ప్రయాణం రోజు పొద్దున ఆయన గోడకి చేరగిలి కూర్చున్నాడు. చకావక్ టీ తెచ్చింది. పళ్లెంలో గుడ్డ పరిచి, అల్మరాలోంచి బంగారు అంచు సన్నగ్లాసు తీసి, సాసరు పెట్టి, పక్కన పిస్తా మిఠాయి గిన్నె పెట్టి తెచ్చింది. మా ఇంట్లో ఆ గ్లాసులు చుట్టాలకి తప్ప తీయం. అది కావాలని చేయలేదు. ఇంటికి మనిషొచ్చాడు, టీ ఇవ్వాలి అనుకుందంతే.

కుద్రత్ సర్దుకుని కూర్చున్నాడు. రెండు చేతులతో గ్లాసు అందుకుని, "మీకు శ్రమ ఇచ్చాను" అన్నాడు, పరాయి ఇళ్లలో అనేట్టు.

అప్పుడు చకావక్ తన చేతిలో పళ్లేన్ని చూసుకుంది. గబగబా వంటింట్లోకెళ్లి, ఆయన రోజూ తాగే మందపాటి గ్లాసు కోసం అరలన్నీ వెతికింది. అది ఎక్కడుందో నాకూ గుర్తు రాలేదు. నేనూ వెళ్లి వెతికాను. దొరికేసరికి ఆయన టీ తాగేసి, సాసరు మీద గ్లాసు పెట్టి, బూట్లు తొడుక్కుంటున్నాడు.